నా అనుభవం: బొమ్మ తయారీకి నాలుగు నెలలు, దానికి గొంతు దొరకడానికి ఇంకో నాలుగు

తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటకు నేను మొదటిసారి వెళ్ళింది 2024 మే 26, ఆదివారం. ధర్మవరం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఉండేది ఇంత దగ్గరలోనే అయినా పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ ఆ ఊరికి పోలేదు. చుట్టాలింట్లో సీతమ్మ బొమ్మ ఉన్న తోలు దీపపు గుమ్మటం చూసి, ఎక్కడ కొన్నారని అడిగితే ఆ ఊరి పేరు చెప్పారు. అప్పుడు బయలుదేరాను.

వెళ్ళిన ఇంట్లో వసారా నిండా అలాంటి గుమ్మటాలే. ఒక పెద్దాయన బయటికొచ్చి, "దీపానికి తొడిగేది కావల్నా, గోడకు తగిలించేది కావల్నామ్మా?" అన్నాడు. "ఆట కావాలి పెదనాయనా. మా బడి పిల్లలకు నేర్పాలి" అన్నాను. ఆయన కొంచెం సేపు నన్నే చూశాడు. "ఆట అడిగినోళ్ళు మా ఇంటికొచ్చి పదకొండేండ్లయింది" అన్నాడు. కూర్చోమని చాప వేశాడు.

ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే. నిమ్మలకుంటలో తోలుబొమ్మ చావలేదు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆంధ్ర తోలుబొమ్మకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, గుమ్మటాలు ఊళ్ళు దాటి అమ్ముడవుతున్నాయి. చేతిలో పని ఉంది. కరువైంది తెర వెనక కూర్చుని పాడే గొంతు. పెద్దాయన కొడుకులకు ఉలి పట్టడం వచ్చు, పద్యం రాదు. మనవడు తొమ్మిదో తరగతి, వాడికి రెండూ వద్దు. ఆ ఇంట్లో విరాటపర్వం మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చినవాడు డెబ్బై దాటిన ఆయన ఒక్కడే. అది ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ళ తాతల నుంచి నోటి వెంట వచ్చింది, మధ్యలో తిక్కన పద్యాలు, దరువులు, వచనం, ఆటలో నవ్వించే కేతిగాడి మాటలు కలిసిపోయి ఉంది.

ఆట ఏదో అప్పుడే తేలిపోయింది. ఉత్తర గోగ్రహణం, విరాటరాజు ఆవులను కౌరవులు తోలుకుపోయే ఘట్టం. మా అనంతపురం వైపు వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవాళ్ళు, ఆడించేవాళ్ళు. పైగా కోతలు కోసి యుద్ధం చూడగానే రథం దిగి పరుగెత్తే ఉత్తరకుమారుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వెంటనే దగ్గరవుతాడు. రోజుకు వెయ్యి రూపాయలు, మధ్యాహ్నం భోజనం, రానుపోను ఆటో అని మాట అనుకున్నాం. ఆయన బేరం చేయలేదు, నేనూ చేయలేదు.

తోళ్ళ సంగతి నేను అనుకోని విధంగా కుదిరింది. జూన్ 17న బక్రీద్. మా తొమ్మిదో తరగతి పిల్లవాడి నాన్నకు మాంసం అంగడి ఉంది. "మేడం, పండగ తర్వాత తోళ్ళు కొనేవాళ్ళు ఉండరు, మా నాయన ఇస్తాడు" అన్నాడు. జూన్ 19న ఉప్పు పట్టించిన 11 మేక తోళ్ళు, ఒక్కొక్కటి 60 రూపాయలకు ఇచ్చారు. మామూలు రోజుల్లో అన్ని తోళ్ళు ఒకేసారి, ఒకే పరిమాణంలో దొరకడం కష్టమని పెద్దాయనే అన్నాడు. ఎవరైనా ఈ పని తలపెడితే క్యాలెండరులో ముందు బక్రీద్ ఎప్పుడో చూసుకోండి.

మొదటి విడత పాడైపోయింది. తోలు ఒక రాత్రికి మించి నానకూడదని ఆయన గట్టిగా చెప్పాడు. జూన్ 22 శనివారం సాయంత్రం నాలుగు తోళ్ళు డ్రమ్ములో వేశాం. ఆదివారం ఉదయం వచ్చి తీయాల్సిన నేను ఇంట్లో జ్వరంతో పడుకుని ఎవరికీ చెప్పలేదు. సోమవారం మూత తీసేసరికి కంపు వరండా దాటి వంటగది దాకా పోయింది. మధ్యాహ్న భోజనం వండే అక్క ఆ రోజు నాతో మాట్లాడలేదు. తోలు పట్టుకుంటే వేళ్ళ మధ్య పొరలుగా ఊడింది. నాలుగూ బడి వెనక గుంత తీసి పూడ్చాం. పిల్లల ముఖాలు చూడలేకపోయాను. 240 రూపాయలు పెద్ద లెక్క కాదు. నాలుగు జీవాల తోలు నా మరుపు వల్ల మట్టిలో కలిసిందన్న బాధ మాత్రం చాలా రోజులు ఉంది.

రెండోసారి జూలై 5 రాత్రి నానబెట్టి, 6వ తేదీ శనివారం పెద్దాయన ముందే తీశాం. గోరువెచ్చని నీళ్ళు పోసి, మొద్దు కత్తితో ఒక పక్క వెంట్రుక, ఇంకో పక్క కండ గీకాలి. పదును కత్తి అయితే తోలు తెగుతుంది. ఒక తోలుకు ఇద్దరు పిల్లలు, రెండు గంటలు. మొదటి పావుగంట ముక్కు మూసుకున్నారు, తర్వాత మర్చిపోయారు. నేల మీద సాగదీసి చుట్టూ మేకులు కొట్టాం. ఆషాఢం గాలికి ఒక్క పగలు, ఒక్క పూట చాలింది. కుక్కలు, కాకులు రాకుండా ఇద్దరిద్దరు చొప్పున కాపలా కాశారు. ఎండిన తోలు తట్టితే అప్పడంలా చప్పుడు చేసింది. ఒక పాప దాన్ని ఎండకు ఎదురుగా ఎత్తి, వెనక తన వేళ్ళు కనిపిస్తున్నాయని కేక వేసింది. ఆ కేక వినగానే అంతకుముందు పడిన శ్రమంతా మర్చిపోయాను.

పూర్వం దేవుళ్ళ బొమ్మలకు జింక తోలు వాడేవాళ్ళట, రావణుడి లాంటి భారీ బొమ్మలకు ఎనుము తోలు. మాకు దొరికింది మేకే. మిగిలిన ఏడు తోళ్ళలో తొమ్మిది బొమ్మలు వచ్చాయి. ఉత్తరుడు, బృహన్నల, అర్జునుడు, దుర్యోధనుడు, భీష్ముడు, కర్ణుడు, ఆవుల మంద, కేతిగాడు, అతని జోడీ బంగారక్క. ఆవుల మంద మొత్తం ఒకే తోలులో కోశాం. వినాయకుడు, సరస్వతి, జమ్మిచెట్టు, రథం పెద్దాయన పెట్టెలోవి అడిగి తెచ్చుకున్నాం. ఆంధ్ర తోలుబొమ్మల్లో మనిషెత్తు ఉండేవి కూడా ఉన్నాయి. అలాంటివి రెండు మూడు తోళ్ళు కలిపి చేస్తారు. పిల్లల చేతికి రెండున్నర అడుగులు చాలన్నాడు.

జూలై, ఆగస్టు నెలలు గీయడానికీ చిల్లులకూ పోయాయి. శనివారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం మాత్రమే పని. ధర్మవరంలో కమ్మరి దగ్గర ఆరు ఉలులు, ఒక్కొక్కటి 90 రూపాయలు పెట్టి చేయించాం. గుండ్రం, మూడు మూలలు, నాలుగు మూలలు, సన్న గీత. కింద చింత మొద్దు పెట్టి, ఉలి నిలబెట్టి ఒకే దెబ్బ కొట్టాలి. రెండో దెబ్బ పడితే అంచు చెదురుతుంది. కిరీటానికి, హారాలకు, పంచె అంచుకు కొట్టిన చిల్లులే తెర మీద నగలై మెరుస్తాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు భీష్ముడి గడ్డం సగానికి తెగగొట్టి ఏడ్చాడు. పెద్దాయన చిన్న తోలు ముక్క అతికి కుట్టి చూపించాడు. "అతుకు లేని బొమ్మ ఆటకు పోలేదని అర్థం నాయనా" అన్నాడు.

రంగుల దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. బడిలో ఉన్న పోస్టర్ రంగులు వేయించాను. పగలు చూస్తే అర్జునుడు ఎంత అందంగా ఉన్నాడో. దీపం ముందు పెడితే నల్లటి దిమ్మ. ఆ రంగు వెలుతురును ఆపేస్తుంది. తడి గుడ్డతో తుడిచి, సీసాల్లో దొరికే పలుచటి సిరా రంగులు తెచ్చి మళ్ళీ వేశాం. అదీ రెండు వైపులా వేయాలి, లేకపోతే సగం వెలిసినట్టుంటుంది. రంగులకు, కుంచెలకు 1,480 రూపాయలు అయింది, అందులో మూడో వంతు నా తొందర వల్లే. భుజం, మోచేయి, నడుము, మోకాలు దారంతో ముడి వేసి, నిలువుగా వెదురు బద్ద కట్టి, చేతులకు సన్న పుల్లలు బిగించేసరికి సెప్టెంబరు ఆఖరు.

ఒక ఇంటి సంగతి చెప్పాలి. మా బడిలో అందరికంటే బాగా పాడే అమ్మాయి ఇంట్లో మాంసం ముట్టరు. బిడ్డ పచ్చి తోలు పట్టుకుంటుందని తెలిసి వాళ్ళమ్మ బడికి వచ్చి, "మా పాపను దీంట్లో కలపొద్దు టీచర్" అంది. మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. వాదించలేదు, కూర్చుని కాఫీ తాగి వచ్చాను. మూడోసారి ఆమే, "పాట వరకైతే సరే, తోలు ముట్టదు" అంది. ఆ మాట చివరిదాకా నిలబెట్టాం. పట్టుబట్టి ఉంటే గెలిచేదాన్నేమో, కానీ ఆ పాప గొంతు మాకు దక్కేది కాదు.

దసరా సెలవుల్లో, అక్టోబరు 3 నుంచి, ఎనిమిది రోజులు 14 మంది పిల్లలను పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళాను. ఆటోలకు ఎక్కువ ఖర్చయింది ఇక్కడే. బొమ్మల తయారీ కంటే ఈ ఎనిమిది రోజులు కష్టం. మధ్యలోంచి అడిగితే ఆయన చెప్పలేడు. "గోగ్రహణంలో కర్ణుడు ఏమంటాడు తాతా?" అంటే గుర్తురాదు. మొదటి నుంచి ఎత్తుకుంటేనే వరసలో అది వస్తుంది. మద్దెల లేకపోతే సగం రాదు. అందుకే ముందు మద్దెలకు కొత్త తోలు వేయించాం, 1,700 రూపాయలు. ఫోనులో ఆరు గంటల పాటు రికార్డు చేశాం. ఆయన మాట తెలుగు, కానీ తెర వెనక తమలో తాము సైగగా అనుకునే మాటలు ఆరె భాషలో, మరాఠీకి దగ్గరగా ఉంటాయి. "బొమ్మ మార్చు", "దీపం చూసుకో" అన్నవాటికి పిల్లలు ఆ మాటలే నేర్చుకున్నారు, ఇప్పుడు బడిలో కూడా వాడుతున్నారు. వాళ్ళ జనంలోంచే కొందరు తెర ముందుకొచ్చి వేషాలు కట్టి, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో నాటకం మొదలుపెట్టారని ఆయన చెబుతుంటే, సురభి నాటకాలు చూసిన నేను కూడా పిల్లల్లో కూర్చుని విన్నాను.

మూడో రోజు నేను పెద్ద తప్పు చేశాను. అర్జునుణ్ణి చూసి భీష్ముడు చెప్పే "వచ్చినవాడు ఫల్గుణుడు" పద్యం తెలుగు టీచర్లందరికీ కంఠతా. పెద్దాయన ఒక మాట దగ్గర అచ్చులో లేనంతగా సాగదీసి, ఒక అక్షరం మార్చి పాడాడు. పాప అలాగే పాడింది. నేను మధ్యలో ఆపి, పుస్తకం తీసి దిద్దాను. ఆయన ఏమీ అనలేదు. మద్దెల పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట ఇంక పాడలేదు. సాయంత్రం వెళ్ళేముందు భీష్ముడి బొమ్మ నా చేతికి ఇచ్చి, "నీ పద్యం పాడుతా చెయ్యి ఎత్తించు తల్లీ" అన్నాడు. పాడుతూ ఎత్తబోయాను. చెయ్యి సగం లేచేసరికి పద్యపాదం అయిపోయింది. ఆయన పాడిన తీరులో ఆ సాగదీసిన చోటే బొమ్మ చెయ్యి లేస్తుంది, మాట పూర్తయ్యేసరికి వేలు అర్జునుడి వైపు చూపుతుంది. తరాలుగా చేతికి తగినట్టు గొంతు మారింది, అది అచ్చు పుస్తకంలో ఎక్కడ ఉంటుంది? మర్నాడు పిల్లలందరి ముందు ఆయనకు తప్పు ఒప్పుకున్నాను. పుస్తకం మళ్ళీ తీసుకెళ్ళలేదు.

పాత పెట్టె తెరిచింది కూడా ఆ రోజుల్లోనే. దేవుళ్ళ బొమ్మలు, రాక్షసుల బొమ్మలు విడివిడిగా ఉన్నాయి. అడుగున ఇంకో మూట. చిరిగి, ఆటకు పనికిరాని బొమ్మలు. అలాంటివాటిని పారేయరు, ఏట్లో వదులుతారు. "చిత్రావతిలో నీళ్ళు పారినప్పుడు వదుల్దామని కట్టిపెట్టినా" అన్నాడు. ఎన్నేళ్ళ కిందట కట్టారో ఆయనకే లెక్క లేదు. ఏరు పారక ఆగిపోయిన ఆ బొమ్మలను చూసే మా పిల్లలు దుర్యోధనుడి కిరీటం గీత సరిదిద్దుకున్నారు.

నవంబరులో తెర కట్టాం. రెండు తెల్ల పంచెలు పక్కపక్కన ఈత ముళ్ళతో గుచ్చి, కింద నల్ల కంబళి. ఇక్కడ దీపం పెద్ద సమస్య. ఎల్‌ఈడీ పట్టీ పెడితే ఒక్కో బొమ్మకు నాలుగైదు నీడలు, ట్యూబులైటు పెడితే అంచులు మసక. 100 వాట్ల పాత పీచు బల్బు ధర్మవరం అంతా తిరిగితే ఒక పాత అంగట్లో దొరికింది. 25 రూపాయల బల్బు కోసం రెండు ఆదివారాలు పోయాయి. దాన్ని బొమ్మకు దగ్గరగా పెడితే తోలు వేడికి వంకరపోతుంది, మూరెడు దూరం ఉండాలి. పెద్దాయన ఒకరోజు ఆముదం దీపం పెట్టి చూపించాడు. మంట కదిలినప్పుడల్లా బొమ్మ ఊపిరి తీసినట్టు కనిపించింది. పిల్లలు చప్పుడు చేయలేదు. చివరి ఘట్టానికి అదే ఉంచాలని వాళ్ళే తీర్మానించారు.

యుద్ధం చప్పుడు కాలి కింద చెక్క పలకతో చేయాలి. చేత్తో బొమ్మ, నోటితో మాట, కాలితో తాళం. అందరూ తడబడ్డారు, ఒక్కడు తప్ప. వాడు నేత ఇంటి పిల్లవాడు. మగ్గం గుంటలో తొక్కుడు చెక్కల మీద కాళ్ళు ఆడించడం వాడికి పుట్టినప్పటి నుంచి తెలుసు. చదువులో వెనక బెంచీ. ఆ రోజు నుంచి అందరికీ తాళం వాడే చెప్పాడు. ఒక సాయంత్రం జావా తోలుబొమ్మలాట, వయాంగ్ కులిత్, ఫోనులో చూపించాను. తెర వెనక ఒక్కడే కూర్చుని అన్ని బొమ్మలూ ఆడిస్తూ, అందరికీ మాటలు చెబుతూ, కాలితో రేకులు మోగిస్తున్నాడు. "మేడం, ఆయన కూడా తొక్కుతున్నాడు!" అని వీడు లేచి నిలబడ్డాడు. అక్కడ కూడా అర్జునుడున్నాడు, కేతిగాడి లాంటి సెమార్ ఉన్నాడు. యునెస్కో 2003లోనే దాన్ని మానవ వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. పిల్లలకు ఆ గుర్తింపు కంటే ఆ కాలు గుర్తుండిపోయింది. సముద్రం అవతల తమలా తొక్కేవాడు ఒకడున్నాడని.

కేతిగాడు, బంగారక్కల మాటల మీద డిసెంబరులో తగువు వచ్చింది. వాళ్ళ సరసం మోటుగా ఉంటుంది. తెల్లవార్లూ ఆడే ఆటలో జనం నిద్రపోకుండా ఆ మాటలు పుట్టాయి. బడి పిల్లల నోట అవి వద్దని తోటి ఉపాధ్యాయుల్లో కొందరు అన్నారు, తల్లిదండ్రుల్లో ఇద్దరు అన్నారు. అలాగని కేతిగాడిని తీసేస్తే ఆటలో ప్రాణం ఉండదు. పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నొచ్చుకోలేదు. "మా నాయన కేతిగాడు వేరు, నా కేతిగాడు వేరు. వీళ్ళ కేతిగాడిని వీళ్ళే పుట్టించుకోనీ" అన్నాడు. పిల్లలు వారం రోజులు రాశారు. కేతిగాడు ఏడు బోర్లు వేసి, ఎనిమిదో దానికి డబ్బు అడుగుతాడు. "నా కమ్మలు ఏడో బోరులోనే పోయినాయి, ఇంగ నీ మీసాలు కుదవ పెట్టుకో పో" అంటుంది బంగారక్క. మా వైపు ఆ మాట విని నవ్వని ఇల్లు ఉండదు, ఆ నవ్వు వెనక ఏముందో తెలియని ఇల్లూ ఉండదు.

డబ్బు సంగతి. ఆగస్టు 8న ఒక కార్యాలయానికి సాయం కోసం దరఖాస్తు పెట్టాను, బొమ్మల ఫొటోలతో. డిసెంబరు 11న జవాబు వచ్చింది, ఇది మా పథకం కిందికి రాదని. నాలుగు నెలలు ఆ కాగితం కోసం ఎదురుచూసి ఖర్చులు వాయిదా వేసుకోవడం నా పొరపాటు. మొత్తం 29,840 రూపాయలు అయింది. అందులో 16,000 పెద్దాయన పదహారు రోజుల కూలి. ఊరివాళ్ళు 11,000, పాత విద్యార్థులు 8,000 ఇచ్చారు, మిగతాది నాది. ఎవరైనా చేయదలిస్తే ముందు ఊళ్ళో అడగండి, ఒక్క వారంలో తేలుతుంది.

సంక్రాంతి దాకా మా ఏర్పాటు ఒకటే. పెద్దాయన పాడతాడు, పాప వంత పలుకుతుంది, మిగతావాళ్ళు బొమ్మలు పడతారు. జనవరి 19న ఆయన కోడలు ఫోన్ చేసింది. దగ్గు, ఆయాసం, ఆసుపత్రిలో చేర్చామంది. వెళ్ళి చూశాను. మాట్లాడబోతే గొంతు రాలేదు, చేత్తో తాళం వేసి చూపించాడు. ఆట ఎలా అన్నది తర్వాత, ఆయన బతకాలి అనుకుంటూ తిరిగొచ్చాను. ఆ మూడు వారాలు పిల్లలు రికార్డు పెట్టుకుని సాధన చేశారు. ఫిబ్రవరి 10న ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. డాక్టరు పాడొద్దన్నాడు. మా ఆట శివరాత్రికి, 26న. నేను వాయిదా వేద్దామన్నాను. పాప ఒప్పుకోలేదు. "తాత పాడినట్టే వచ్చు మేడం" అని ఆట మొత్తాన్ని ఆయన మంచం పక్కన కూర్చుని పాడింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. రెండు చోట్ల మాత్రం చెయ్యి ఎత్తి ఆపి, ఇంకా సాగదీయమని సైగ చేశాడు.

2025 ఫిబ్రవరి 26 రాత్రి, శివాలయం ముందు. పదిన్నరకు మొదలుపెట్టాలి, తెర కట్టేసరికి పదకొండు దాటింది. వినాయకుడు, సరస్వతి వచ్చాక కేతిగాడు దూకాడు. మొదట మూడు వందల మంది దాకా ఉన్నారు, గాలి లేచాక చిన్న పిల్లల తల్లులు వెళ్ళిపోయారు. ఈత ముళ్ళు రెండు ఊడి తెర నడుమ చీలిక వచ్చింది. ఒక పిల్లవాడు ఆట అయ్యేదాకా దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఆటలో ఒక్క ముక్కా చూడలేదు. ఉత్తరుడు పారిపోయే చోట ముందు వరసలో ముసలమ్మలు, "యాడికి పోతావురా, నిలబడు!" అని నిజంగానే కేకలు వేశారు. భీష్ముడి పద్యం దగ్గర పాప ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో జనంలోంచి ఒక ముసలాయన తర్వాతి మాట అందించాడు. పాప దాన్ని పట్టుకుని సాగదీసింది. తెర మీద భీష్ముడి చెయ్యి లేచింది. నేను తెర వెనక మోకాళ్ళ మీద కూర్చుని, దీపం చూసుకోవడం మర్చిపోయాను. "దీపం!" అని ఆరె మాటలో నన్ను హెచ్చరించింది ఎవరో తెలుసా, పెద్దాయన మనవడు. ఎప్పుడు వచ్చాడో చూడలేదు. తాతను బండి మీద తెచ్చి, అక్కడే వెనక నిలబడ్డాడు. ఆ తర్వాత వాడు సాధనకు రాలేదు. అడిగాను, చూస్తానన్నాడు.

ఆట ఒకటిన్నరకు ముగిసింది. పెద్దాయన కంబళి కప్పుకుని కుర్చీలో కూర్చునే ఉన్నాడు. పాపను పిలిచి, నెత్తిన చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. ఒక రైతు వచ్చి, "విరాటపర్వం అయింది, ఈ ఏడు వాన వస్తాదిలే" అని పిల్లలకు వంద రూపాయలు ఇచ్చి వెళ్ళాడు.

బొమ్మలు ఇప్పుడు బడి ఇనుప పెట్టెలో వేపాకుల మధ్య ఉన్నాయి. మార్చి పరీక్షల హడావిడిలో మూత సరిగా పడక ఎలుక దూరి బృహన్నల పాదం, ఒక ఆవు మూతి కొరికింది. పాదానికి అతుకు వేయవచ్చని పెద్దాయన అన్నాడు, ఆవుకు మాత్రం కొత్త తోలు కావాలి. ఆయన గొంతు కొంచెం తేరుకుంది. ఈసారి లంకాదహనం చెబుతానంటున్నాడు, హనుమంతుడి తోకకు పెద్ద తోలు వెతకమన్నాడు. 2025లో బక్రీద్ జూన్ 7న. మాంసం అంగడి వాళ్ళకు ఐదు తోళ్ళు చెప్పి ఉంచాను.